మన జాబితా ఎవరి కంప్యూటర్‌లో ఉంది?

(నల్లగండ్లలో, ఇళ్లలో పనిచేసే స్త్రీల సమస్యలపై పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి మాట్లాడమని అడిగితే మొదట నాకే నవ్వొచ్చింది. చుట్టూ ఇన్ని ఐటీ కంపెనీలు. వాటిలో పనిచేసే వాళ్ల ఇళ్లలో అంట్లు తోమే, వంట చేసే స్త్రీల సమావేశం ఇది. వీళ్లు రోజూ అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగితే వచ్చిన టైమూ, పోయిన టైమూ ఎవరిదో కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. ఆ సమాచారం ఎక్కడుంటుందో ఎవరూ చెప్పరు. మరి మనం రాసుకునే సమాచారం ఎక్కడుంటోందని మనమైనా అడిగామా? అడగలేదు. అడగాల్సి వచ్చిన సందర్భం చెప్తాను.

మన పనంతా తేదీల మీద నడుస్తుంది. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. ఇంటి పనివారి విషయంలో ప్రాథమికంగా ఆధారం కనబడితే స్థానిక కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. 2005 గృహహింస చట్టం కింద దరఖాస్తు పెడితే మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. ఆచరణ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లు ఆలస్యం చేస్తే అడిగే దిక్కులేదు, మనం ఒక తేదీ మరిచిపోతే మాత్రం బాధితురాలే నష్టపోతుంది.

మొదట నోటు పుస్తకంలో రాసుకున్నాం. పుస్తకం ఒకరి దగ్గరుంటే మిగతా వాళ్లకు ఏం తెలిసేది కాదు. అందుకని ఫోనులో ఉచితంగా దొరికే యాప్ ఒకటి పెట్టుకున్నాం. ఒకరోజు మా కార్యకర్త ఫోను ఆమె భర్త చేతిలో ఉండగా గంట మోగి, ఫలానామెతో రేపు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలని తెర మీద పడింది. ఆ ఫలానామె భర్తా, ఈయనా ఒకే ఆటో స్టాండు వాళ్లు. సాయంత్రానికి కబురు చేరింది. ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. తప్పు యాప్ మీదకు నెట్టి ఊరుకోలేం, పేరు రాసింది మనమే. పైన చెప్పిన 2013 చట్టంలోని 16వ సెక్షన్ బాధితురాలి పేరు బయటపెట్టకూడదంటుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. ఈ రెండూ మనం ఉపన్యాసాల్లో చెప్పేవే!

అప్పుడు ఒక పాత డెస్క్‌టాప్ అడిగి తెచ్చుకున్నాం. డిస్కు తుడిచేసి లినక్స్ వేశాం. వేసేటప్పుడే డిస్కు మొత్తానికి పాస్‌వర్డ్ తాళం పెట్టాం, పెట్టె ఎత్తుకుపోయినా లోపలిది చదవలేరు. దానిమీద డాకర్ సాయంతో వికున్యా అనే పనుల జాబితా పెట్టాం. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని కోడును ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టకుండా సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ చిరునామా, పక్కన 3456 అనే పోర్టు నంబరు కొడితే తెరుచుకుంటుంది. పనులు తెలుగులోనే రాసుకుంటున్నాం.

ఒక పొరపాటు చేశాం, మీరు చేయకండి. డాకర్ కంటైనర్ లోపలే సమాచారం ఉంచితే, దాన్ని తీసి కొత్త వెర్షన్ పెట్టగానే అదీ పోతుంది. మేం పది రోజులు రాసింది అలాగే పోయింది. డేటాబేస్ బయట మన ఫోల్డరులో ఉండేలా ముందే చూసుకోవాలి. కొత్తవాళ్లు సొంతంగా ఖాతా తెరిచే వీలు మూసేయాలి. దాన్ని ఇంటర్నెట్ మీద పెడితే ఎక్కడినుంచైనా చూసుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాం. ఆఫీసు వైఫైలో మాత్రమే తెరుచుకుంటుంది, ఆ పాస్‌వర్డ్ కార్యకర్తలకే తెలుసు. బయట ఉన్నప్పుడు ఇబ్బందే, ఒప్పుకుంటాను. ఫోనుకు గంటలు లేవు కాబట్టి పొద్దున్నే ఒకరు ఆరోజు పనులు చదివి వినిపిస్తారు.

జాబితాలో ఇప్పుడు పేర్లు లేవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం బీరువాలో ఉంటుంది. ప్రతి శనివారం ఒక కాపీ తాళం వేసిన పెన్‌డ్రైవ్‌లోకి తీసి వేరే ఇంట్లో పెడతాం. కరెంటు పోతే జాబితా తెరుచుకోదు, అందుకే వారం రోజుల వాయిదాలు కాగితం మీద కూడా ఉంటాయి.

ఇదంతా చేసింది ఇంజినీరు కాదు, ఇంటర్ చదివిన మా కార్యకర్త. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి రెండు ఆదివారాలు పక్కన కూర్చుంది, కీబోర్డు మాత్రం ముట్టుకోకూడదని షరతు పెట్టాం. ఆమె వేసిచ్చి వెళ్లిపోతే, చెడిపోయిన రోజున మళ్లీ ఆమె కోసమే చూడాలి కదా.

తేలని సంగతి ఒకటి మిగిలింది. కేసు ఎవరిదో ఆమెకే చాలాసార్లు చదవడం రాదు. తన వాయిదా ఎప్పుడో, తన గురించి మనమేం రాశామో తెలుసుకునే హక్కు అందరికన్నా ముందు ఆమెది. ప్రస్తుతం ఆమె వచ్చినప్పుడు తెర ముందు కూర్చోబెట్టి చదివి వినిపిస్తున్నాం, వద్దన్న మాట తీసేస్తున్నాం. ఇంతకన్నా మంచి పద్ధతి మీ దగ్గరుంటే టీ విరామం తర్వాత చెప్పండి, రాసుకుంటాను.