ఎండల్లో పనికి పోయే అక్కచెల్లెళ్లతో నాలుగు మాటలు

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్క ఇందాక చదివారు. నన్ను ఎండల గురించి మాట్లాడమన్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో మన ఆంధ్ర, తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పెద్దవయసు వాళ్లు, ఎండలో కూలికి పోయేవాళ్లే ఎక్కువ.

అసలు సంగతి చెప్తాను. సీసీ గారు కూర్చుని ఉన్నా చెప్తాను, ఆయన కూడా వినాల్సిందే. ఉపాధి పనికి పోయే రోజు మనలో చాలామంది కావాలనే నీళ్లు తక్కువ తాగుతాం. చెరువు పనిలో చాటు ఎక్కడుంది? ఒంటికి పోవాలంటే ఎటు పోవాలి? అందుకని పొద్దున గ్లాసు టీ తాగి, ఇంటికి వచ్చేదాకా గొంతు తడుపుకోవడమే. చెమటలో పోయిన నీరు తిరిగి ఒంట్లోకి రాకపోతే చెమట తగ్గుతుంది. చెమట తగ్గితే ఒళ్లు చల్లబడే దారి ఉండదు.

మా ఊళ్లో పోయినేడు నాలుగు కర్రలు పాతి, రెండు పాత చీరలు చుట్టి చాటు కట్టుకున్నాం. పైసా ఖర్చు కాలేదు. ఆ వారం నుంచే పని దగ్గర నీళ్ల బిందెలు ఖాళీ అవడం మొదలైంది. నీడ, తాగునీరు, మందుల పెట్టె పని దగ్గర ఉండాలని ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మేట్‌ని అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇంకొకటి. కొలతను బట్టి కూలి కాబట్టి, తనవల్ల అందరి కూలి తగ్గుతుందని పెద్దవయసు అక్క ఆగకుండా తవ్వుతూనే ఉంటుంది. ఆమె సిగ్గుపడి అడగదు, కూర్చోమని మనమే చెప్పాలి.

కళ్లు తిరిగినా, వాంతి వచ్చేటట్టున్నా పని ఆపి నీడకు రావాలి. మాట తడబడినా, ఏదేదో మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి, చెమట పడుతున్నా సరే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుతూ ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనవాళ్లు ఆత్రంగా ముందు చేసేది అదే! జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే చేటు. మజ్జిగ, రాగి అంబలి మనకు కొత్త కాదు. షుగరు, బీపీ మందులు వాడే అక్కలు ఏఎన్ఎం గారిని ముందే అడగండి. రేకుల ఇళ్లవాళ్లు వంట పొద్దున్నే ముగించుకుంటే మంచిది.

ఏప్రిల్ మొదటి సమావేశంలోనే ప్రతి గ్రామ సంఘం తీర్మానం పుస్తకంలో రాసుకోవాలని కోరుతున్నా: చాటు ఎవరు కడతారు, బిందెలు ఎవరు తెస్తారు, 108కి ఎవరు ఫోన్ చేస్తారు. మా సంఘంలో చీరలు ఇస్తామని ఇద్దరు ఒప్పుకున్నారు. పోయినేటి కర్రలు ఎవరో పొయ్యిలో పెట్టేశారు, మళ్లీ తేవాలి.