మోజీ సమప్రేమ

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో చైనా రాజ్యాలు ఒకదానిపై ఒకటి దండెత్తుతున్న రోజుల్లో, ఆ కలహాలకు మూలం పక్షపాతమేనన్నాడు తత్వవేత్త మోజీ. పొరుగువాడి ఇంటినీ, పొరుగు రాజ్యాన్నీ సొంతవిగా చూసుకోమన్నాడు. అందరినీ ఒకేలా ప్రేమించడమంటే కన్నతండ్రిని కాదనడమేనని తర్వాతి శతాబ్దంలో మరో తత్వవేత్త మెన్షియస్ ఖండించాడు. ఆ ఖండన నాకు న్యాయంగా తోచదు. మన తల్లిదండ్రులకు ఇతరులు మేలు చేయాలని కోరుకుంటే, ముందు వాళ్ల తల్లిదండ్రులకు మనం మేలు చేయాలన్నదే మోజీ వాదం. యుద్ధానికి వెళ్లేవాడు ఆలుబిడ్డల్ని అప్పగించేది తన, పర భేదం చూడని మిత్రుడికే కదా అనీ అడిగాడు.

ఈ సమప్రేమ ఆచరణకు అందదన్నవారూ ఉన్నారు. కానీ ఆయన పేరిట నిలిచిన గ్రంథం ప్రకారం, బలమైన చు రాజ్యం చిన్నదైన సోంగ్‌పై దాడికి సిద్ధమైనప్పుడు మోజీ 10 పగళ్లూ 10 రాత్రులూ నడిచి చు రాజు దగ్గరికి వెళ్లాడు. తన శిష్యులు 300 మంది అప్పటికే రక్షణ సాధనాలతో సోంగ్ కోటగోడపై కాచుకుని ఉన్నారని రాజుకు చెప్పి, దండయాత్రను మాన్పించాడు.