గోడపత్రికలు - పౌరధర్మములు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)

 

గోడపత్రికలు చిత్రించుటవలన పిల్లల చదువు కుంటుపడదా యని మీలో కొందరడుగుచున్నారు. సమాధానము చెప్పుట నా విధి.

1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకై గాంధీమహాత్ముని కోరికపై నందలాల్ బోసుగారు పటములు చిత్రించిరి. వానిలో పల్లెజనులే, వారి వృత్తులే కనిపించును. చదువురాని వానికిని బొమ్మ బోధ చేయును గదా!

మన బాలుడు రామనాయకన్ చెరువును గూర్చి పటము వ్రాయవలెనన్న, ముందు గట్టుపై నిలిచి చూడవలెను. చెత్త యెచటినుండి వచ్చుచున్నదో విచారింపవలెను. పిదప ఒక్క వాక్యమున చెప్పవలెను. "చెత్త వేయరాదు" అనుటకంటె "ఇది మన చెరువు" అనుట మేలని తానే గ్రహించును. ఇది చదువు కాదా?

హోసూరు వీధులలో తమిళము, తెలుగు, కన్నడము మూడును వినబడును. తెలుగున మాత్రమే వ్రాసిన పటము పొరుగువానికి అందదు. కావున తెలుగు వాక్యము క్రింద తక్కిన రెండు భాషలలోను వ్రాయించుచున్నాము. 2006 నాటి చట్టము తమిళమును తప్పనిసరి పాఠ్యాంశముగా చేసినది. పొరుగువానికై వ్రాయునపుడు ఆ భాష భారము గాక స్నేహమగును. తలపు మాత్రము తల్లిభాషలోనే పుట్టవలెను.

రాజ్యాంగమున 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పింపుమనుచున్నది. అది మనము కోరు హక్కు. 1976లో చేరిన 51ఎ అధికరణము చెరువులను కాపాడుమనుచున్నది. అది మనము చేయవలసిన విధి. రెండును ఒకే గ్రంథమునందున్నవి.

ఒక్క మనవి. బిడ్డ తెచ్చిన పటమును ఇంట తగిలించి, అందలి మాటను మీరును పాటింపుడు. గోడపై ఒకటి, గడపలో మరొకటి చూచిన బిడ్డ దేనిని నమ్మును?

సెలవు.