కొట్లో పోట్లాట, ఉత్తరాల్లో ప్రేమ

పనిచేసే చోట పొద్దస్తమానం పోట్లాడుకునే ఇద్దరు, ఉత్తరాల్లో మాత్రం ప్రేమించుకుంటుంటే? అవతలి వ్యక్తి ఎవరో ఇద్దరికీ తెలియకపోతే? 1940లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది షాప్ అరౌండ్ ది కార్నర్' కథ ఇదే. దీనికి మూలం ఒక హంగేరీ నాటకం.

బుడాపెస్ట్‌లో తోలు సామాన్ల కొట్టు. మూత తీస్తే పాట మోగే సిగరెట్ పెట్టె ఒకటి వచ్చింది. అమ్ముడుపోదంటాడు అక్కడ పనిచేసే క్రాలిక్. ఉద్యోగం కోసం వచ్చిన క్లారా దాన్ని మిఠాయి పెట్టె చేసేసింది. పాట వినబడితే తిండి తగ్గించాలని గుర్తొస్తుందంటూ అమ్మేసింది! ఉద్యోగం దొరికింది, ఇక ఇద్దరికీ రోజూ పోట్లాటే.

ప్రేమతో పాటు ఇందులో జీతం బెంగ ఉంది, ఉద్యోగం పోతుందన్న భయమూ ఉంది. అందుకే ఈ సినిమాలోని నవ్వు నిజమనిపిస్తుంది. కథ తేలేది క్రిస్మస్ ముందురాత్రి. సెలవుల్లో ఇంటిల్లిపాదీ చూడండి.