మాల తీసేసిన మర్నాడు

ఈరోజు చెప్పేది మా ఇంటి గొడవే. బాబాయ్‌ని, పిన్నిని అడిగాకే చెప్తున్నాను. పిన్ని "చెప్పరా, ఇంకో ఇంటికి పనికొస్తుంది" అంది. బాబాయ్ మాత్రం "నా పేరు చెప్పకు" అన్నాడు. చెప్పను.

మాది బందరు. బాబాయ్ వాళ్లది దివిసీమ, నాగాయలంక వైపు. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా పని. ఆ పని చేసినవాళ్లకి తెలుసు, ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వేయాలి, తెల్లారేదాకా కన్ను మూయకూడదు. చలికి ఒక క్వార్టర్, దోమలకి ఒక క్వార్టర్ అని మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి పొద్దున్నే బ్రష్ పట్టుకోవాలన్నా చేతులు వణికేవి. రెండు గుక్కలు పడితేగానీ ఆగేవి కాదు.

ఒక కార్తీకంలో ఇంట్లోవాళ్లందరం కలిసి ఆయనతో అయ్యప్ప మాల వేయించాం. మన వైపు ఇది కొత్తేం కాదుగా. ఏడాదంతా తాగేవాడు కూడా ఆ 41 రోజులు ముట్టడు. నేనప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. "వేయించేయండి, సెట్ అయిపోద్ది" అని ఫోన్‌లో గట్టిగా చెప్పింది నేనే. బీటెక్ చదివిన బుర్ర మరి.

రెండో రోజు రాత్రి ఆయనకి ఒళ్లంతా చెమటలు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని దులపడం మొదలెట్టాడు. అక్కడ లేని మనిషితో "మోటార్ ఆపరా" అని మాట్లాడుతున్నాడు. స్వామి ఒంటి మీదకి వచ్చాడని పక్కనున్నవాళ్లు హారతి ఇచ్చారు. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి. అర్ధరాత్రి అవనిగడ్డకి, అక్కణ్నుంచి బందరుకి తీసుకొచ్చారు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?"

నాకు అర్థమైనట్టు చెప్తా. మందు మెదడుకి బ్రేక్ లాంటిది. ఏళ్ల తరబడి బ్రేక్ తొక్కి ఉంచితే, దాన్ని తట్టుకోడానికి మెదడు యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. ఒక్కసారిగా బ్రేక్ వదిలేస్తే బండి ఏమవుతుంది? రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నపళంగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. మతి తప్పడం, లేనివి కనబడటం, జ్వరం, ఇవి రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. ప్రాణాలు కూడా పోవచ్చు. ఆస్పత్రిలో అయితే మెదడుని శాంతపరిచే మందులిచ్చి, కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు, బీ1 విటమిన్ ఎక్కిస్తారు. అంటే మాల వేయొద్దని కాదండి నేననేది. పొద్దున్నే మందు కావాల్సి వచ్చే మనిషైతే ముందు డాక్టర్, తర్వాతే మాల.

ఆస్పత్రి నుంచి వచ్చాక, గురుస్వామి సరే అంటే, దీక్ష కొనసాగించాడు. నేను సెలవు పెట్టి వారం రోజులు అక్కడే ఉన్నా. నాకు కళ్లు తెరిపించింది ఆ వారమే. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. మధ్యాహ్నం ఎవరో ఒకరింట్లో భిక్ష. రాత్రి కాపలాకి వేరే కుర్రాణ్ని పెట్టారు. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా నాలిక పీకే టైముకి, భజన. అన్నిటికంటే ముఖ్యం పిలుపు. నిన్నటిదాకా "తాగుబోతోడు" అన్న నోళ్లే "స్వామీ" అంటున్నాయి. ఆయన మానేశాడు అని మనం అంటాం గానీ, నిజానికి ఆ 41 రోజులు ఊరంతా మారింది.

శబరిమల వెళ్లొచ్చి మాల తీశాడు. మర్నాటి నుంచి భిక్ష లేదు, భజన లేదు, మళ్లీ చెరువు మీద రాత్రి డ్యూటీ. "స్వామి" పోయి "ఏరా" వచ్చేసింది. పిన్ని ఇంట్లోకి రాగానే చొక్కా వాసన చూసేది. తప్పని ఎలా అంటాం? పదేళ్ల భయం అది. ఆయనేమో "ఎలాగూ నమ్మట్లేదుగా" అన్నాడు. నాలుగో రోజు తాగాడు. నేను ఫోన్ చేసి అరిచాను, నాకు చేతనైంది అదే.

అప్పుడు పిన్ని మాకెవరికీ చెప్పకుండా, ఎవరో ఇచ్చిన పొడి చేపల పులుసులో కలపబోయింది. అదృష్టం, ముందు మా అమ్మతో అంది. ఇది చాలా ఇళ్లలో జరుగుతోంది కాబట్టి కొంచెం ఆగి చెప్తా. డైసల్ఫిరామ్ అనే మందు ఉంది. అది వేసుకున్న మనిషి తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆఖరి టాబ్లెట్ వేసుకున్నాక రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉండొచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడితే అది వైద్యం. తెలియకుండా కూరలో కలిపితే ప్రాణం మీదకి రావచ్చు. ఆ పొడుల్లో అసలు ఏముందో ఎవరికి తెలుసు?

మన గుడివాడకి ఎమ్మెల్యేగా చేసిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. దాని వెనకాల 1992లో దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా పోరాటం ఉంది. 1997లో నిషేధం ఎత్తేశారు. షాపు ఉండాలా మూయాలా అని మనం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. మానేసినవాడు సాయంత్రం ఆరింటికి ఎక్కడ కూర్చోవాలి అని మాత్రం ఎవరూ అడగరు. ఆ లెక్క ఇంట్లో ఆడవాళ్ల మీద వదిలేస్తాం. 2019లో ఎయిమ్స్ వాళ్లు దేశవ్యాప్త సర్వే నివేదిక ఇచ్చారు. మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక వైద్యం అందింది 38 మందిలో ఒక్కరికి.

రెండోసారి మేం చేసింది చాలా చిన్నదండి. బాబాయ్‌ని పగటి పనికి, మేత గోడౌన్‌లోకి మార్పించాం. జీతం తగ్గింది. డాక్టర్ రాసిన టాబ్లెట్ పొద్దున్నే పిన్ని ఎదురుగా వేసుకోవాలి, దానికి బదులు పిన్ని చొక్కా వాసన చూడకూడదు, అదీ ఒప్పందం. ఆరింటికి మాల లేకపోయినా భజనకి వెళ్లి తాళం వేస్తాడు. మధ్యలో సంక్రాంతికి ఒకసారి జారాడు. ఈసారి ఎవరం అరవలేదు, మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం.

పిన్ని సంగతి మాత్రం అందరం మర్చిపోయాం. నిద్ర లేదు, బీపీ వచ్చింది. 14416 టెలీ మానస్ నంబరు, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు అని చెప్తే, "పేషెంట్‌ని నేను కాదుగా" అంది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసమే అమెరికాలో 1951లో అల్-అనాన్ అని సంఘం పెట్టుకున్నారు, అక్కడికి తాగేవాడు రానక్కర్లేదు అని చెప్పా. ఏమనుకుందో ఏమో, వారం తర్వాత తనే ఫోన్ చేసిందట. ఏం మాట్లాడిందో మేం అడగలేదు. ఆ రాత్రి మాత్రం పడుకుంది.

మందు మానడానికి సాయం కావాలంటే 14446 అని ఇంకో నంబరు కూడా ఉంది, రాసుకోండి.

ఈ కార్తీకానికి మాల వేస్తావా బాబాయ్ అని మొన్న అడిగా. "ఆలోచిద్దాం లేరా, ముందు డాక్టర్ని అడుగుదాం" అన్నాడు. సరే అండి, ఆరు కావస్తోంది, ఆయన భజనకి బయల్దేరేలోపు ఒకసారి ఫోన్ చేయాలి. ఉంటాను.