ప్రోగ్రెస్ కార్డు నుంచి దూబగుంట దాకా



1917 నవంబరులో బెజవాడలో ఒక సభ అధ్యక్షోపన్యాసం కాగానే తన పేరు మార్చుకుంది. నిర్వాహకులు దానికి పెట్టిన పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే తప్పుపట్టారు. పంచములన్న మాట పురాణాల్లో లేదు, శాస్త్రాల్లో లేదు, ఈ నేలకు మొదటి వారసులైనవాళ్లను అలా పిలవడమేమిటని నిలదీశారు. మర్నాటి నుంచి అది ఆది ఆంధ్ర మహాసభగా నడిచింది.

పేరు మారితే కడుపు నిండుతుందా అని పెదవి విరిచేవాళ్లు ఏ కాలంలోనైనా ఉంటారు. వర్మకు ఆ సంగతి తెలియక కాదు. అప్పటికి ఏడేళ్లుగా, అంటే 1910 నుంచి, ఆయన హైదరాబాదులో ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల దళితుల పిల్లలకు తెలుగు బడులు పెట్టిస్తూ ఉన్నారు. పిలిచే పేరూ మారాలి, పలకా బలపమూ చేతికి రావాలి. ఆత్మగౌరవం ఎలా తయారవుతుందన్న ప్రశ్నకు ఆయన ఆచరణలో చెప్పిన జవాబు అది. మనస్తత్వ శాస్త్రం అక్కడికి రావడానికి చాలా దూరం తిరగాల్సి వచ్చింది.

ఆ శాస్త్రంలో తొలి సూత్రం విలియం జేమ్స్‌ది. మనిషి తనకు తాను ఇచ్చుకునే విలువను ఆయన 1890లో ఒక భిన్నంగా రాశాడు. సాధించింది పైన, ఆశించింది కింద. విలువ పెరగాలంటే పైదాన్ని పెంచుకోవాలి, లేకపోతే కిందిదాన్ని తగ్గించుకోవాలి. లెక్క ముచ్చటగా ఉంది కానీ, ఆ హారాన్ని వేసేదెవరు? ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులో కూర్చోబెట్టిన పిల్లవాడి హారం వాడు వేసుకున్నది కాదు. ఆడపిల్లకు ఈ చదువు చాలన్న ఇంట్లో పెరిగిన అమ్మాయి హారమూ ఆమె వేసుకున్నది కాదు.

ఈ చుట్టూ ఉన్నవాళ్ల సంగతి మీద గట్టిగా దృష్టి పెట్టినవాడు మోరిస్ రోజెన్‌బర్గ్. న్యూయార్క్ రాష్ట్రంలో ఐదువేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులను పరిశీలించి 1965లో పుస్తకం తెచ్చాడు. ఆయన తయారుచేసిన పది వాక్యాల కొలమానాన్ని ప్రపంచమంతటా నేటికీ వాడుతున్నారు. డబ్బున్న ఇళ్ల పిల్లలకు తమ మీద తమకు చాలా ఎక్కువ గౌరవం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆయన లెక్కల్లో ఆ సంబంధం అంత బలంగా కనిపించలేదు. బలంగా కనిపించినవి చిన్న చిన్న సంగతులు. పిల్లల స్నేహితులు ఎవరో తల్లికి తెలుసా? భోజనాల దగ్గర పిల్లల మాట ఎవరైనా చెవిన పెడతారా? ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వస్తే ఏమవుతుంది?

ఈ ప్రోగ్రెస్ కార్డు దగ్గరే అసలు విశేషం ఉంది. మార్కులు తగ్గాయని కోప్పడేవాళ్ల పిల్లల కన్నా, కార్డు వంక చూడనైనా చూడనివాళ్ల పిల్లలే తమను తాము తక్కువగా ఎంచుకున్నారు. అందుకని తిట్టడం మంచిదన్న కబురు ఎవరూ ఇంటికి మోసుకుపోవద్దు. రోజెన్‌బర్గ్ చెప్పింది అది కాదు. తానంటూ ఒకడున్నాడని ఇంట్లో ఎవరికీ పట్టకపోవడం పిల్లవాణ్ని అన్నిటికన్నా లోతుగా కోస్తుంది.

ఆ తర్వాత వచ్చింది కాలిఫోర్నియా ముచ్చట. జాన్ వాస్కొన్సెలోస్ అనే శాసనసభ్యుడి పట్టుదల మీద ఆ రాష్ట్రం 1986లో ఆత్మగౌరవాన్ని పెంచడానికి ఏకంగా ఒక ప్రభుత్వ సంఘాన్నే వేసింది. నేరాలు, మత్తు, చదువులో వెనకబాటు, అన్నిటికీ ఇది టీకాలా పనిచేస్తుందని ఆశ. పత్రికల వ్యంగ్యచిత్రకారులకు చేతినిండా పని దొరికింది. ఆ ఆశను పరీక్షించడానికి కూర్చున్న విశ్వవిద్యాలయ పండితులు 1989లో తెచ్చిన సంపుటిలో, సంబంధాలు అనుకున్నంత గట్టిగా లేవని ఒప్పుకోక తప్పలేదు. అయినా మరుసటి ఏడు సంఘం తన నివేదికను ఉత్సాహంగానే ప్రకటించింది. 2003లో రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి తేల్చింది ఏమంటే, తన మీద గౌరవం ఉన్నవాళ్లు మరింత సంతోషంగా ఉంటారు, ఓ పనికి ముందడుగు వేస్తారు. మంచి మార్కులు మాత్రం దానివల్ల వచ్చినట్టు ఆధారం లేదు. చాలావరకు మార్కులు వచ్చాకే గౌరవం వస్తుంది.

మన పుస్తకాల దుకాణాల్లో వ్యక్తిత్వ వికాసం అర ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ని అనుకోమనే పుస్తకాలు అందులో కొల్లలు. వాటివల్ల కీడు జరుగుతుందని కాదు, బరువంతా చదివేవాడి ఒక్కడి నెత్తినే పెడతాయన్నది అభ్యంతరం.

పొగడ్తకూ ఒక వరస ఉంది. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిళ్లు ఇచ్చారు. కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లు ఇచ్చి ఓడించారు. తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు ఆ దెబ్బకు డీలాపడి, మళ్లీ తేలిక పజిళ్లు ఇచ్చినా మునుపటి కన్నా తక్కువ చేశారు. మావాడు ఏకసంథాగ్రాహి అని చుట్టాల ముందు పిల్లవాడి వీపు తట్టే తండ్రులు ఈ ప్రయోగం గురించి వినాలి.

ఇంట్లో ఎంత ఆదరణ దొరికినా వీధిలో దొరక్కపోతే? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు ఆరువందల మందికి పైగా పోగుచేసి చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు దళితుల పిల్లలు అగ్రకులాల పిల్లలతో సమానంగా దారులు కనిపెట్టారు. పిల్లల పేరు, ఊరు, తండ్రి పేరుతో పాటు కులాన్ని కూడా అందరి ముందూ చదివాక అదే దళితుల పిల్లలు వెనకబడ్డారు. 2004లో ఈ ఫలితాలు వెలువరిస్తూ, తమను న్యాయంగా చూస్తారన్న నమ్మకం సడలడమే ఇందుకు ముఖ్య కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావించారు. మార్కుల వరుసన సెక్షన్లు విడగొట్టే మన జూనియర్ కాలేజీల్లో ఇలాంటి చదివింపు రోజూ జరుగుతుంది. సెక్షన్ పేరు చెబితే చాలు, పిల్లవాడి తాహతు ఎంతో మేడ మీదివాళ్లకూ, మెట్ల కిందివాళ్లకూ తెలిసిపోతుంది.

సాహిత్యసభ కాబట్టి చివరగా ఒక వాచకం గురించి చెప్పడం న్యాయం. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో వయోజనులకిచ్చిన పాఠాల్లో సారా వల్ల పాడైన సంసారాల గురించీ రాశారు. ఆ పాఠాలు చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారాను ఆపించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది అప్పుడే. అంతటితో ఆగలేదు. దూబగుంట కథే తర్వాతి వాచకంలో పాఠంగా ఎక్కింది. పక్క ఊళ్ల ఆడవాళ్లు దాన్ని కూడబలుక్కుని చదువుకుని, వాళ్లు చేసింది మనమెందుకు చేయలేమన్నారు. 1992లో సారా వేలంపాటలు జరగకుండా జిల్లాలో మళ్లీ మళ్లీ అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. తమలాంటివాళ్లు అచ్చులో కనిపించడం చదివేవాళ్లను ఇంతగా కదిలించిన సందర్భాలు తెలుగులో ఎన్నో లేవు. ఆ పాఠం ఏ సాహిత్య చరిత్రలోకీ ఎక్కకపోవడం మాత్రం చరిత్రకారుల లోపమే.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకోవడంతో మొదలైన పొదుపు సంఘాలు నిలిచాయి, పెరిగాయి. ఆ సంఘాల్లో ఆడవాళ్లు రాసుకున్న తీర్మానాల పుస్తకాలు ఊరూరా ట్రంకు పెట్టెల్లోనో, సంఘం నాయకురాళ్ల ఇళ్లలోనో ఇంకా ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వాటిని సేకరించాలని, మనస్తత్వ శాస్త్ర శాఖలు పక్కన కూర్చుని చదవాలని ఈ సభ తీర్మానిస్తే బాగుంటుంది.