చేను కాసే కుక్కను మనమే కాపాడుకోవాలె

రాత్రిపూట మక్క చేన్ల అడవి పందులు పడితే మొరిగి మనల్ని లేపేది కుక్కనే. కవ్వాల అడవి అంచు ఊర్లల్ల ఆ కుక్కనే చిరుత ఎత్తుకపోతున్నది. తప్పు మనది గూడ ఉన్నది. దాన్ని మంచె కింద గొలుసుతోని కట్టేసి, మనం పైన పండుకుంటున్నం. కట్టేసిన కుక్క ఎటు ఉరుకుతది? గొలుసు విప్పి తలుపున్న కొట్టంల పెడదాం. లోపలి నుంచి మొరిగినా మనకు మెలకువ వస్తది. మెడకు మేకుల పట్టా కడదాం, చిరుత పట్టేది మెడనే. చచ్చిన కోళ్లు, మేక పేగులు చేను పక్కన పారేయొద్దు.

కోపంతోని కళేబరానికి మాత్రం మందు పెట్టొద్దు. 2024 జనవరిల కాగజ్‌నగర్ అడవిల అట్లనే పులి చచ్చింది. 1972 చట్టం కింద అది జైలుకు పోయే నేరం.

ఎద్దును పులి చంపితే అటవీశాఖ పరిహారమిస్తది. చేను కాసే కుక్కకు గూడ ఇయ్యాలె. వచ్చే గ్రామసభల ఈ తీర్మానం పెడదాం.